మరియా మాంటిస్సోరి: చెక్క అక్షరాల డాక్టరమ్మ

ఈసారి గోడ పత్రికకి ఒక మహనీయుల జీవితం రాయమన్నారు. గాంధీగారినీ, అల్లూరినీ ముందే తీసేసుకున్నారు. నేను మాత్రం కావాలనే మాంటిస్సోరి గారిని తీసుకున్నాను. ఎందుకో చివర్లో చెప్తాను.

ఈమె 1870 ఆగస్టు 31న ఇటలీ దేశంలో కియారవల్లె అనే ఊళ్ళో జన్మించారు. డాక్టరు చదువుతానంటే వాళ్ళ నాన్నకే ఇష్టం లేదు. అయినా రోమ్‌లో చేరారు. మగపిల్లల ముందు ఆడది శవాన్ని కొయ్యకూడదని, వాళ్ళంతా వెళ్ళిపోయాక ఆ గదిలో ఒక్కరే ఉండి నేర్చుకునేవారట. మనమేమో రాత్రిపూట బయటికి పోవాలంటే ఇద్దర్ని లేపుతాం! 1896లో డాక్టరయ్యారు.

ఆ రోజుల్లో బుద్ధి ఎదగని పిల్లల్ని రోమ్ పిచ్చాసుపత్రుల్లో పెద్దవాళ్ళతో కలిపి పడేసేవారు. వాళ్ళని చూశాక ఈమెకి, వీళ్ళకి కావల్సింది మందు కన్నా చదువు అనిపించింది. కానీ చెప్పేవాళ్ళేరి? అందుకే 1900లో ఇలాంటి పిల్లలకి చెప్పే టీచర్లని తయారుచేసే బడి రోమ్‌లో మొదలైంది. మోంటెసానో అనే డాక్టరుతో కలిసి ఈమె దాన్ని నడిపారు. మొదటిసారే 64 మంది టీచర్లు చేరారు. నరాలు ఎలా పనిచేస్తాయి, వైకల్యం ఎందుకు వస్తుంది, ఎలా చెప్పాలి, అన్నీ నేర్పేవారు. పక్కనే పిల్లల క్లాసు. ఈమె పొద్దున్న 8 నుంచి రాత్రి 7 దాకా పిల్లలతోనే ఉండేవారు.

నాకు బాగా నచ్చింది అక్షరాల సంగతి. చెక్కతో అక్షరాలు చేయించి అచ్చులకి ఎరుపు, హల్లులకి నీలం రంగు వేయించారు. పిల్లలు వాటిని చూడ్డమే కాదు, రాసినట్టే వేలితో తడమాలి. అలా నేర్చుకున్న కొందరు మామూలు పిల్లల పరీక్షలే రాసి పాసయ్యారు. అందరూ మెచ్చుకుంటుంటే, ఈమె మాత్రం మామూలు పిల్లలు ఇంకా పైకి ఎందుకు పోవట్లేదని ఆలోచనలో పడ్డారు. ఆ బడి వదిలి మళ్ళీ కాలేజీలో చేరారు. ఇతార్, సెగ్విన్ అనే ఫ్రెంచి డాక్టర్ల పుస్తకాలు మొత్తం తన భాషలోకి మార్చి చేత్తో రాసుకున్నారు. సెగ్విన్‌దే 600 పేజీలు! మనకి ఒక్క చార్టు రాసేసరికే చెయ్యి లాగుతుంది.

1907లో పేద పిల్లల కోసం పెట్టిన బడితో పేరొచ్చింది. 1939లో మద్రాసు అడయారు వచ్చి టీచర్లకి ట్రైనింగు ఇచ్చారు. యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. 1952 మే 6న హాలండులో చనిపోయారు.

ఇప్పుడు నా సంగతి. మా తమ్ముడికి ఎనిమిదేళ్ళు. మాటలు ఆలస్యంగా వచ్చాయి. బడికి పంపితే, వీడికి చదువు రాదు, మేకల వెంట పంపండి అన్నారు. దసరా సెలవుల్లో నేను వడ్రంగి గరుకు కాగితంతో అ, ప, మ కోసి అట్టకి అంటించాను. వాడు కళ్ళు మూసుకుని తడిమి ప అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి మళ్ళీ చెప్పించింది. మ కూడా వచ్చింది. అ ఇంకా రాలేదు.

డిగ్రీ అయ్యాక ఇలాంటి పిల్లలకి చెప్పే బి.ఇడి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఉంది. నేను అదే చదువుతాను. నా లెక్కల మార్కులు గుర్తొచ్చి నవ్వకండి.

సంక్రాంతికి ఇంకో పది అక్షరాలు తీసుకెళ్ళాలి. ఎవరి దగ్గరైనా గరుకు కాగితం ముక్కలు మిగిలితే నాకివ్వండి. వార్డెన్ సార్, మంచాల రిపేరుకి తెచ్చింది స్టోరు రూములో ఉందని విన్నాను.