సాలార్ జంగు బీరారు రాయబారము

1876వ సంవత్సరము మే నెలలో ఐరోపా ఖండపు దృష్టి యంతయు బెర్లిను నగరముపై నిలిచియుండెను. రష్యా మంత్రి గోర్చకోవు, ఆస్ట్రియా హంగరీల విదేశాంగమంత్రి ఆంద్రాషీ, జర్మనీ ప్రధాని బిస్మార్కు అచట సమావేశమై, తుర్కీ ఏలుబడిలోని బాల్కను ప్రజల విషయమున నొక పత్రమును సిద్ధపఱచి, మే 13న ఇతర రాజ్యముల ముందుంచిరి. ఆంగ్ల ప్రభుత్వము దానిని త్రోసిపుచ్చెను. ఆ నెలలోనే ప్యారిసు నగరమున నొక హోటలు మెట్లపై కాలుజాఱి, తొడయెముక విఱిగి, హైదరాబాదు దివాను మంచము పట్టెను. ఆయనయు నొక రాజ్యము పక్షమున మంత్రులతో మాటాడుటకే బయలుదేఱినవాడు. అయితే ఆ రాజ్యమునకు విదేశాంగమే లేదు. ఇతర రాజ్యములతో స్వతంత్రముగ వ్యవహరింపబోనని నిజాము 1800 నాటి సంధిలోనే ఒప్పుకొనియుండెను. కావున ఆ దివాను మంత్రిగా గాక, విహారమునకు వచ్చిన అతిథిగా లండను చేరవలసియుండెను. ఆయనయే మొదటి సాలార్ జంగుగా ప్రసిద్ధి కెక్కిన మీర్ తురాబ్ అలీఖాను.

ఈయన 1829లో జన్మించెను. మీర్ ఆలము, మునీరుల్ముల్కు వంటి దివానులను హైదరాబాదున కిచ్చిన వంశ మది. తండ్రి బాల్యముననే గతింపగా, తండ్రి సోదరుడు సిరాజుల్ముల్కు పెంపకమున పెరిగెను. ఇంచుమించు పందొమ్మిదవ యేట ఖమ్మము ప్రాంతమునకు తాలూక్దారుగా నియుక్తుడయ్యెను. పాలనమున ఆయన మొదటి పాఠములు మన తెలుగు పల్లెలలోనే నేర్చెనని చెప్పవచ్చును. ఆ కొలది నెలల అనుభవమే తరువాతి ముప్పది యేండ్లకు పునాది యైనట్లు తోచును.

1853 మే 21న నిజాము నాసిరుద్దౌలా బీరారు ఒడంబడికపై సంతకము చేసెను. నిజాము పేరిట ఆంగ్లేయులు నడపుచుండిన కంటింజెంటు సైన్యపు జీతముల బాకీ కొఱకు బీరారు, రాయచూరు, ధారాశివము ప్రాంతము లా ఒడంబడికతో కంపెనీ పాలనలోనికి పోయెను. ప్రత్తి పండు నల్లరేగడి భూములవి. సంతకమైన కొలది దినములకే సిరాజుల్ముల్కు మరణించెను. ఇరువదినాలుగేండ్ల తురాబ్ అలీఖాను దివాను గద్దె నెక్కెను. పినతండ్రి విడిచిపోయిన ఆస్తిలో ఆయనకు దక్కినదెల్ల ఆ పోయిన బీరారే!

ఖజానా ఆనాడు శూన్యము. జిల్లాలు గుత్తేదారుల వశమునను, అరబ్బు జమేదారుల తాకట్టులోను ఉండెను. సిద్ధిపేట సీమలోని చింతమడక వంటి చెరువు క్రింది పల్లెలలో వరి పండించు రైతు తన పంటలో ఎంత వంతు తనకు మిగులునో ముందుగా నెఱుగడు. గుత్తేదారు మాఱినపుడెల్ల లెక్క మాఱెడిది. బీరారు పేరైనను ఆ రైతు విని యుండడు. కాని బీరారు విడిపింపవలెనన్న ముందు ఈ రైతు లెక్క సరిపడవలెనని దివాను గ్రహించెను. అప్పులవానిగా నున్న రాజ్యము మాట నెవరు విందురు? తాకట్టు జిల్లాల నొకటొకటిగా విడిపించి, గుత్తల నెత్తివేసి, జీతగాండ్రైన తాలూక్దారులను నియమించి, 1865లో జిలాబందీ నెలకొల్పి, ధాన్యపు పాలునకు మాఱుగ నగదు శిస్తు నిర్ణయించుటకు పూనుకొనెను. ఈ సంస్కరణములను వేఱు ప్రకరణముగను, బీరారు రాయబారమును వేఱు ప్రకరణముగను వ్రాయుట చరిత్రకారుల వాడుక. నిజమునకు మొదటిది రెండవదానికి సన్నాహము.

1857లో ఉత్తర హిందూస్థానము భగ్గుమన్నపుడు హైదరాబాదు కదలకుండుటకు ఈయనయే ముఖ్యకారకుడు. జూలై 17న తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వమున రెసిడెన్సీపై దాడి జరిగెను, అది విఫలమయ్యెను. ఆ వీరుల స్మృతిని నేడు నగరము గౌరవించుచున్నది. వారి నడ్డగించిన దివానును గౌరవించుచునే యున్నది. ఈ రెండును పొసగునా యని యడుగువారు కలరు. తన రాజ్యమును నిలుపుకొనుట యొక్కటే ధర్మమని ఆయన యెంచెను. దానికి చెల్లించిన వెల తక్కువది కాదు. 1859లో దర్బారు నుండి రెసిడెంటు డేవిడ్సనుతో కలిసి వెలుపలికి వచ్చుచుండగా ఆయనపై తుపాకి ప్రేలెను. 1868లో మఱల హత్యాప్రయత్నము జరిగెను. రెండుమాఱులును ప్రాణము దక్కెను.

ఆ సేవకు ప్రతిఫలముగ 1860 సంధి వచ్చెను. రాయచూరు, నల్దుర్గము తిరిగి వచ్చెను. సురపురము క్రొత్తగ చేరెను. యేబది లక్షల బాకీ కొట్టివేయబడెను. మాఱుగ గోదావరి యెడమ యొడ్డున భద్రాచలము మొదలగు సీమలు ఆంగ్లేయులకు పోయెను. బీరారు మాత్రము ధర్మకర్తృత్వమను పేరున వారి చేతిలోనే నిలిచెను. ఖర్చులు పోగా మిగిలినది నిజామున కీయవలెను. కాని లెక్కలు చూపుమని యడుగరాదు! ఇటువంటి షరతునకు ఏ కోమటి యంగడిలోనైనను సమ్మతి దొరకదు. సంధి కుదిరిన మరుసటి యేటనే అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి ప్రత్తి ధర ఆకాశమునంటెను. బీరారు బంగారమయ్యెను, అప్పగించు తలంపు మఱింత దూరమయ్యెను.

1869లో అఫ్జలుద్దౌలా మరణింపగా, మూడేండ్లైన నిండని మహబూబ్ అలీఖాను నిజామయ్యెను. అమీరె కబీరుతో కలిసి సాలార్ జంగు రాజప్రతినిధిగా పాలన సాగించెను. 1872లో వారిరువురును ఒక క్రొత్త ప్రతిపాదన చేసిరి. కంటింజెంటు జీతములకు భూమియే హామీగా నుండనేల? వడ్డీతోనే ఆ సైన్యము పోషింపబడునంత మూలధనమును రొక్కముగ నిలువ చేయుదుము, బీరారును తిరిగి యిండనిరి. ఇరువదియేండ్ల క్రిందట అప్పు తీర్చలేని రాజ్య మిట్లనుట కలకత్తాకు రుచింపలేదు. వారు కోరినది మఱల మఱల తిరస్కరింపబడెను.

1875లో వేల్సు యువరాజు బొంబాయికి వచ్చినపుడు, తొమ్మిదేండ్ల నిజామును పంపుమని యొత్తిడి కలిగెను. పిల్లవాని ఆరోగ్యము చాలదని సాలార్ జంగు తానే వెడలెను. ఆ మరుసటి వసంతమున, సదర్లాండు ప్రభువు ఆహ్వానముపై, ఐరోపాకు ఓడ యెక్కెను. ఆయన వెంట యువకుడైన సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ యుండెను. రోమున పోపు తొమ్మిదవ పయసును, విక్టర్ ఇమాన్యుయేలు రాజును దర్శించెను. ప్యారిసులో కాలు విఱిగెను. జూను మొదట ఆ గాయముతోనే ఇంగ్లండులో నడుగిడెను.

లండను ఆయనకు సన్మానములు కురిపించెను. రాణి దర్శన మిచ్చెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము డాక్టరు పట్ట మిచ్చెను. లండను నగరము పౌరసత్వ మిచ్చెను. బీరారు మాటకు మాత్రము ఇండియా మంత్రి సాలిస్బరీ యొక్కటే త్రోవ చూపెను: విన్నపము ఇండియా ప్రభుత్వము ద్వారమున రావలెను. ఏ వాకిలి మూయబడినదని ఆయన సముద్రము దాటెనో ఆ వాకిలికే తిరిగి పొమ్మని భావము. ఆగస్టులో దివాను హైదరాబాదు చేరి విజ్ఞాపనమును సిద్ధపఱచుటకు పూనుకొనెను. ఆ శీతకాలమున సాలిస్బరీ కాన్‌స్టాంటినోపిలు సమావేశమునకు పోవుచు ప్యారిసు, బెర్లిను, వియన్నా, రోము నగరములలో మంత్రులతో ముందుగ మాటలాడి చూచెను. పరాయి సామ్రాజ్యపు సీమల కొఱకు నాలుగు రాజధానులు తిరిగిన మంత్రికి, తన చేతిలోని సీమను గూర్చి వినుటకు తీరిక లేకపోయెను.

1877 జనవరి 1న ఢిల్లీ దర్బారు. బాలనిజామును వెంటగొని సాలార్ జంగు వెళ్ళక తప్పలేదు. అచట వైస్రాయి లిట్టను, నిజాము ఆంగ్లాధిపత్యమునకు లోబడినవాడని ఆయన చేత ఒప్పింపజూచెను. ఆ యేటనే అమీరె కబీరు మరణించెను. దివానునకు బద్ధవిరోధియైన వికారుల్ ఉమరాను సహప్రతినిధిగా నియమించిరి. ఆయన ఆంగ్ల కార్యదర్శిని తొలగింపజేసిరి. 1878లో సాలిస్బరీ ఉత్తరువు వచ్చెను: నిజామునకు వయసు వచ్చిన పిమ్మట చూతము. ఆ యేటనే సాలిస్బరీ విదేశాంగమంత్రియై బెర్లిను మహాసభలో బాల్కను సీమల సరిహద్దులు గీయుటకు వెడలెను.

సాలార్ జంగు మఱల ఎదురుచూడసాగెను. 1881లో వికారుల్ ఉమరా మరణముతో పాలన పూర్తిగ ఆయన చేతికి వచ్చెను. యువనిజామును ఐరోపాకు గొనిపోవు ప్రయత్నములు 1883లో జరుగుచుండెను. ఆ ఫిబ్రవరిలో జర్మను రాజకుటుంబీకుడైన మెక్లెంబర్గు ప్రభువు అతిథిగా వచ్చెను. మీర్ ఆలం చెరువుపై విందు జరిగెను. వెంటనే దివానునకు కలరా సోకెను. ఫిబ్రవరి 8న మరణించెను. విషప్రయోగమని ఊరు గుసగుసలాడెను. దానికి ఆధారము లేదు.

దాయిరా మీర్ మోమినులో ఆయనను ఖననము చేసిరి. సరిగా ఏడాదికి, 1884 ఫిబ్రవరిలో, రిప్పను ప్రభువు హైదరాబాదునకు వచ్చి మహబూబ్ అలీఖానునకు పూర్ణాధికారముల నిచ్చెను. సాలిస్బరీ చెప్పిన వయసు నిజామునకు వచ్చినది, అడుగవలసినవాడు లేడు. 1902లో కర్జను ప్రభువు సంవత్సరమునకు ఇరువదియైదు లక్షల రూపాయలకు బీరారును శాశ్వతపు కౌలుగ వ్రాయించుకొనెను.