డబ్లినులో వి.వి. గిరి

ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో ఉద్దానం తీరవాసులు సముద్రం దాటడమంటే తరచుగా పొట్టకూటికై బర్మాకు పోవడమే. చదువు కోసం ఓడ ఎక్కగలిగినవారు అరుదు. అట్టి అరుదైనవారిలో వరాహగిరి వేంకటగిరి ఒకరు. ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. పలాస, టెక్కలి ప్రాంతాలు నాడు బరంపురంతో పాటు గంజాం జిల్లాలోనివే. తండ్రి జోగయ్య పంతులు పేరొందిన న్యాయవాది.

కలిగిన కుటుంబాలవారు కుమారులను విదేశాలకు పంపడానికి ఆనాడు ముఖ్యకారణం బారిస్టరు పట్టా. అది సీమకు వెళ్తేగాని లభించేది కాదు. లభిస్తే న్యాయస్థానంలో గౌరవానికీ, రాబడికీ కొదవ ఉండేది కాదు. అయితే 1909లో మదన్‌లాల్ ధింగ్రా అనే విద్యార్థి లండనులో కర్జన్ వైలీని కాల్చిచంపిన పిదప, అక్కడి భారతీయ విద్యార్థులపై నిఘా పెరిగింది. 1913లో గిరి లండనుకు గాక, ఐర్లండులోని డబ్లినుకు వెళ్లి న్యాయశాస్త్ర విద్యార్థిగా చేరారు.

ఐర్లండు కూడా ఆంగ్లేయుల ఏలుబడిలోనిదే. గిరి వెళ్లిన ఏడాదే డబ్లిను యజమానులు, సంఘంలో చేరిన వేలాది కార్మికులను పనిలోకి రానీయక తలుపులు మూశారు. ఆ కార్మికుల పక్షాన నిలిచిన జేమ్స్ కనోలీ ప్రభావం గిరిపై గాఢంగా పడింది. దక్షిణాఫ్రికాలోని భారతీయుల అగచాట్లపై ఆయన తోటి విద్యార్థులతో కలిసి ఒక కరపత్రం రచించగా, పోలీసుల దృష్టి వారిపై పడింది. 1916 ఏప్రిల్‌లో ఐరిష్ దేశభక్తులు తిరుగుబాటు చేశారు. గిరి చదివిన కళాశాలలో ఆంగ్లం బోధించిన థామస్ మెక్‌డొనా, ఆ పిదప కనోలీ మరణశిక్షకు గురయ్యారు. గిరిని దేశం విడిచిపొమ్మన్నారు. కుటుంబం కోరిన బారిస్టరు చదువుతో ఆయన తిరిగివచ్చారు గాని, కుటుంబం కోరనిది కూడా వెంట తెచ్చుకొన్నారు.

బరంపురంలో న్యాయవాద వృత్తి కొద్దికాలమే సాగింది. పలాస, నౌపడల మీదుగా సాగే రైలుమార్గం నాడు బెంగాల్ నాగపూర్ రైల్వేది. 1928లో ఆ రైల్వే సంస్థ కార్మికులను తొలగించినప్పుడు, గిరి శాంతియుతమైన సమ్మెకు నాయకత్వం వహించి, యాజమాన్యాన్ని దిగివచ్చేట్లు చేశారు.

1952లో పాతపట్నం నియోజకవర్గం ఆయనను లోక్‌సభకు పంపింది. కేంద్ర కార్మికమంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలమైన తీర్పును ప్రభుత్వం మార్చగా, 1954లో పదవిని త్యజించారు. 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్న గిరి, 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.