జాను న్యూటనుగారును సందేహించిన యువగురువును

క్రైస్తవ గృహములందు పెరిగిన యౌవనులకు ఒకానొక వయస్సున విశ్వాసవిషయమున సందేహములు పొడముట సహజము. అట్టివారియెడ పెద్దలు మెలగవలసిన రీతిని గూర్చి యోచించినప్పుడెల్ల మాకు జాను న్యూటనుగారు జ్ఞప్తికి వచ్చుచుందురు. ఆయన కీర్తనల నెరిగినవారు పెక్కురు గలరు. ఈ సంగతి నెరిగినవారు కొలదిమందియే.

న్యూటనుగారు 1725వ సంవత్సరమున లండను నగరమున ఒక నావికుని యింట జన్మించిరి. ఏడేండ్లు నిండకమునుపే తల్లి గతించెను. పదునొకండవ యేట ఓడ యెక్కిరి. యౌవనమున విశ్వాసమును విడిచి, తోడివారి విశ్వాసమును సైతము చెరుపజూచిరి. 1748లో తుపానున ఓడ మునుగనున్నప్పుడు దేవునికి మొఱపెట్టిరి. అటుపిమ్మటను కొన్నియేండ్లు ఆఫ్రికా బానిసలను మోయు ఓడలకు అధిపతులైయుండిరి. ఈ మచ్చను మేము దాచము. ఆయనయు దాచక, 1788లో ఆ వర్తకమును ఖండించుచు చిన్న పుస్తకము ప్రకటించి, అందు తమ పాలును ఒప్పుకొనిరి.

1764లో ఆయన ఓల్నీయను చిన్న పట్టణమున గురువులైరి. దానికి సుమారు రెండు మైళ్ల దూరముననున్న వెస్టన్ అండర్‌వుడ్ గ్రామమున, ఆయనకంటె ఇరువదిరెండేండ్లు చిన్నవాడగు టామసు స్కాటు గురుత్వము చేయుచుండెను. స్కాటు మిక్కిలి చదువరి, తన బుద్ధిబలమును నమ్ముకొన్నవాడు. త్రిత్వమును, క్రీస్తు దైవత్వమును అతడు నమ్మజాలకుండెను. 1774లో అతని గ్రామమున భార్యాభర్తలిద్దరు మరణావస్థలో నుండగా, తన్ను పిలువలేదని అతడు పోలేదు. న్యూటనుగారు మాత్రము ఓల్నీనుండి నడచివచ్చి పలుమారులు వారిని పరామర్శించిరని విని సిగ్గుపడెను.

మరుసటి యేట స్కాటు, న్యూటనుగారిని వాదమునకు దింపవలెనని లేఖలు వ్రాయసాగెను. న్యూటనుగారు ప్రేమతో పెక్కు ప్రత్యుత్తరములు వ్రాసిరిగాని వాదమునకు దిగలేదు. మనసార వెదకువానికి దేవుడే దారి చూపునని వారి నమ్మకము. జవాబు తెలియక తప్పించుకొనిరని కొందరనవచ్చును; మేమట్లు తలంపము. తామును ఆ దారి నడచినవారు గనుక, వాదమున ఓడినవాడు మనస్సు మార్చుకొనడని ఆయన యెరుగుదురు. స్కాటునకు తృప్తి కలుగలేదు. ఆ సంవత్సరాంతమున లేఖలు మానివేసెను. నమ్మనిదానికి సంతకము చేయజాలక, రానున్న మేలైన ఉద్యోగమునుకూడ వదలుకొనుటకు అతడు సిద్ధపడెను. ఇట్టి సందేహి, నమ్మకయే సంతకము చేయువానికంటె సత్యమునకు సమీపమున నున్నాడని మా అభిప్రాయము.

న్యూటనుగారు అతనిని వెంటాడలేదు, నిందింపలేదు, స్నేహద్వారమును మూయనులేదు. స్కాటు లేఖనములను తానే శోధించుచు ఒక్కొక్క విషయమున మనస్సు మార్చుకొనెను. 1777లో కష్టము వచ్చినపుడు ఆ ద్వారమునే తట్టెను. 1779లో తన శోధనవృత్తాంతమును పుస్తకముగా ప్రకటించెను. 1781లో ఓల్నీలోనే గురువయ్యెను.

న్యూటనుగారు 1780లో లండనునకు తరలిరి. 1785లో పార్లమెంటు సభ్యుడగు యువకుడు విల్బరుఫోర్సు రహస్యముగా వారి సలహా కోరివచ్చెను. రాజకీయములను విడువవలదని ఆయన బోధించిరి. 1807లో బానిస వర్తకమును నిషేధించు శాసనము పుట్టినది. ఆ డిసెంబరులోనే న్యూటనుగారు పరమపదించిరి.

స్కాటు తరువాత బైబిలునకు గొప్ప వ్యాఖ్యానము వ్రాసెను. ఆ ప్రాంతమున చెప్పులు కుట్టుచుండిన ఒక బాలుడు అతని మాటలవలన మేలు పొందితినని తరువాత చెప్పుకొనుచుండెను. 1814లో శ్రీరాంపురమునందు తెలుగు వ్యాకరణమును అచ్చువేయించిన విలియము కేరీగారే ఆ బాలుడు.