దాణా వర్తకుడు మేరియన్ సావేజ్

గ్రంథాలయ సంచికలయందు కవుల చరిత్రలును, దేశభక్తుల చరిత్రలును ఉండుట వాడుక. నేను వ్రాయబూనినది ఒక దాణా వర్తకుని చరిత్ర. పశువుల కొట్టము గల ప్రతి ఇంటివారికిని ఇందు కొంత పరిచితమైన విషయము కనిపించునని తలచి పాఠక మహాశయుల ముందుంచుచున్నాను.

మేరియన్ విల్లిస్ సావేజ్ 1859వ సంవత్సరమున అమెరికా దేశమందలి ఒహాయో రాష్ట్రమున జన్మించెను. యౌవనమున అయోవా రాష్ట్రమున కొంతకాలము గడిపి, 1886లో మిన్నెసోటా రాష్ట్రములోని మినియాపొలిస్ నగరమునకు చేరెను. ఆ సీమ గోధుమకును పాడికిని పేరు పొందినది. మనకు ఎద్దు ఎట్టిదో అచ్చటి రైతునకు ఆనాడు గుఱ్ఱము అట్టిది. నాగలి లాగవలెనన్నను, బండి కట్టవలెనన్నను అదియే దిక్కు. పశువు మేత మానినచో ఆ ఇంట పొయ్యి వెలిగినను మనసు వెలుగదు. సావేజ్ ఈ దిగులును చక్కగా కనిపెట్టెను. మందువేళ్లు, గింజలు, బెరడులు పొడిచేసి కలిపి, దాణాలో వేయుమని అమ్మసాగెను. ఆయన సంస్థకు ఇంటర్నేషనల్ స్టాక్ ఫుడ్ కంపెనీ అని పేరు. ఒక సెంటు ఖర్చుతో మూడు పూటలు గడచునని దాని ప్రకటన.

ఈ పొడిని గూర్చి ఉన్నమాట చెప్పవలెను. ఇట్టి పొడులను వ్యవసాయ పరిశోధనశాలలవారు పరీక్షించి, మంచి దాణా పెట్టినచో కలుగని లాభమేదియు వీనివలన కలుగదనియు, వెలకు తగిన ఫలము లేదనియు తేల్చిరి. అట్టి పొడులను అమ్మినవారు ఆ కాలమున పలువురు కలరు. సావేజ్ వారినందరిని మించుటకు కారణము పొడిలో లేదు, ప్రకటనలో ఉన్నది. పత్రికలలో ఆయన ప్రకటన లేని వారము ఉండెడిది కాదు. రంగుల బొమ్మను ఉచితముగా పంపెదనని ప్రకటించి, అందుకు ప్రతిగా రెండే సంగతులు తెలుపుమని కోరెడివాడు. ప్రకటనను ఏ పత్రికలో చూచితిరి, మీకు పశువులెన్ని గలవు అనునవే ఆ రెండు. బొమ్మ రైతు ఇంటి గోడకెక్కెను. రైతు పేరును, ఆతని పశువుల లెక్కయు సావేజ్ పుస్తకములోని కెక్కెను. ఏ పత్రికకిచ్చిన సొమ్ము ఫలించినదో కూడ ఆ ఉత్తరమే చెప్పెడిది. ఈ యుక్తి ముందు ఏ దళారి తెలివియు చాలదని నా అభిప్రాయము. 1903లో ఆయన నగరమందలి ఎక్స్‌పొజిషన్ భవనమును కొని అందు తన కర్మాగారమును నెలకొల్పెను. రాజకీయ పక్షములవారు దేశాధ్యక్షుని అభ్యర్థిని ఎన్నుకొనుటకు 1892లో కూడినంత పెద్ద భవనమది.

ఇక గుఱ్ఱము కథ. ఇండియానా రాష్ట్రమున ఆక్స్‌ఫర్డ్ అను చిన్న ఊరిలో డాన్ మెస్నర్ అను బట్టల వర్తకుడు ఒక గోడిగను 255 డాలర్లకు వేలములో కొనెను. 1896లో దానికి పుట్టిన పిల్లకు కాళ్లు వంకరగా ఉండుటచే, అది పందెమునకు పనికివచ్చునని ఊరిలో ఎవరును తలచలేదు. యజమాని పేరులోని డాన్‌ను, తండ్రి గుఱ్ఱమైన జో పాచెన్ పేరులోని భాగమును కలిపి దానికి డాన్ పాచ్ అని పేరు పెట్టిరి. ఆ దేశపు పల్లె తిరునాళ్లలో జరుగు పందెము రౌతు ఎక్కి తోలునది కాదు. రెండు చక్రముల తేలిక బండిలో తోలువాడు కూర్చుండును. గుఱ్ఱము దౌడు తీయరాదు. ఒక ప్రక్క కాళ్లు రెండును ఒక్కమారు, రెండవ ప్రక్కవి మరియొక మారు వేయుచు సాగవలెను. 1900లో పందెములకు దిగిన డాన్ పాచ్ ఒక్క పందెమునందును ఓడలేదు. ఒక పందెములో పలు పరుగులుండును, అట్టి పరుగులు రెండింట మాత్రము వెనుకబడెను. మెస్నర్ కొట్టములోని మరియొక గుఱ్ఱము చచ్చిపడి ఉండగా విషప్రయోగమని అనుమానము పుట్టెను. ఆతడు భయపడి 1902లో డాన్ పాచ్‌ను 20,000 డాలర్లకు న్యూయార్కు వాసి స్టర్జిస్‌కు అమ్మివేసెను. ఆ సంవత్సరాంతముననే సావేజ్ 60,000 డాలర్లిచ్చి దానిని కొనెను. ఆ సొమ్ముతో ఆ కాలమున ఎన్నో పొలములు కొనవచ్చును. ఆయనకు మతి చలించినదని తలచినవారు పలువురు.

సావేజ్ మెథడిస్టు క్రైస్తవుడు. మద్యమును, జూదమును మెచ్చనివాడు. ఆదివారమున గుఱ్ఱమును పరుగునకు దింపనీయడు. పోటీకి నిలుచు గుఱ్ఱములే లేకపోవుటచే డాన్ పాచ్ కాలముతోనే పందెము వేయవలసి వచ్చెను. గడియారమును ఎదుట పెట్టుకొని ఒక మైలు పరుగెత్తుట, టికెట్ల రాబడిలో భాగము పుచ్చుకొనుట, ఇది సావేజ్ పద్ధతి. గుఱ్ఱము తనకై ప్రత్యేకించిన రైలు పెట్టెలో ఊరూర తిరిగెను. దాని పేరు పొయ్యిలకు, బట్టలుతుకు యంత్రములకు, పిల్లల బండ్లకు, పొగాకు డబ్బాలకు కూడ ఎక్కెను. జూదమును విడిచి కీర్తిని మాత్రము సంతలో పెట్టుటకు ఆయన మనసు వెనుదీయలేదు.

మినియాపొలిస్‌కు దక్షిణమున మిన్నెసోటా నది ఒడ్డున హామిల్టన్ అను చిన్న పల్లె కలదు. సావేజ్ అచ్చట అశ్వశాల కట్టించెను. నడుమ గోపురము, నలుదిక్కుల సాలలు, 130 గుఱ్ఱములకు తావులు, చలికాలమున వెచ్చదనము కలిగించు ఏర్పాట్లు అందున్నవి. ఒక మైలు బయటి బాటయేగాక, మంచు కురియునప్పుడు సాధన చేయుటకు వెయ్యికి మించిన కిటికీలతో, పైకప్పుతో అరమైలు బాటయు వేయించెను. గోపురమును చూచి జనులు దానికి తాజ్ మహల్ అని పేరిడిరి. షాజహాను తన పత్నికై కట్టించిన సమాధి పేరు ఒక గుఱ్ఱపుసాలకు దక్కుట చిత్రమే. సావేజ్ నివాసము నదికి ఆవలి గట్టుమీద ఉండెను. అచ్చటినుండి సాల కనుపించెడిది. 1904లో ఊరివారు పల్లె పేరు మార్చి సావేజ్ అని పెట్టుకొనిరి.

1906వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన మిన్నెసోటా రాష్ట్ర ప్రదర్శనయందు 93,000 మంది చూచుచుండగా, హెర్సీ తోలగా, డాన్ పాచ్ ఒక మైలును 1 నిమిషము 55 సెకండ్లలో ముగించెను. కాని దుమ్ము, గాలి తగులకుండ అడ్డుగుడ్డ కట్టిన బండి ముందు సాగినదనియు, అది నియమ విరుద్ధమనియు అధికారులు ఆ లెక్కను అంగీకరింపలేదు. అంతకుముందు 1905లో లెక్సింగ్‌టన్‌లో సాధించిన 1 నిమిషము 55¼ సెకండ్లే పుస్తకములలో నిలిచి, 1938 వరకు ఎవరికిని తగ్గింప వీలుగాలేదు. సావేజ్ పావు సెకండు కొరకు వాదించెను, ఫలింపలేదు. అప్పుడు తన ప్రకటనలన్నింటను గుఱ్ఱము పేరునకు 1:55 అను అంకెను తగిలించెను. అధికారుల తీర్పు కన్న ఆ అంకెయే రైతుల నోట నిలిచెను.

1909లో కాలు కుంటుపడుటచే గుఱ్ఱము పరుగు మానెను. సావేజ్ దృష్టి అప్పటికే రైలుపై పడినది. మినియాపొలిస్ నుండి దక్షిణమునకు ఒక మార్గము వేయుటకు 1907లో సంస్థను స్థాపించెను. దానికి పెద్ద పేరు వేరే ఉన్నను జనులు డాన్ పాచ్ లైను అనియే పిలిచిరి. దాణా కొన్న రైతులకే ఉత్తరములు వ్రాసి వాటాలు అమ్మెను. గోడమీది బొమ్మను నమ్మి సొమ్ము పెట్టినవారు కలరు. 1910లో బండ్లు నార్త్‌ఫీల్డు వరకు నడచినవి. కాని మోటారు కార్లు ఊళ్లకు వచ్చిన కాలమది. గుఱ్ఱములు తగ్గినకొలది గుఱ్ఱపు దాణాయు తగ్గెను, రైలు ఖర్చు పెరిగెను. ఇచ్చట సావేజ్‌ను నేను పూర్తిగా సమర్థింపజాలను. తన సొమ్ముతో గుఱ్ఱమును కొనుట ఆయన ఇష్టము. పరుల కష్టార్జితమును పట్టాలపై పరచుటకు ముందు మరికొంత లెక్క చూడవలసినది. ఆయనయు తన ఆస్తిని అందే పోసెననుట కూడ నిజమే.

1916 జూలై నెలలో ఆయన చిన్న శస్త్రచికిత్సకై ఆసుపత్రిలో ఉండగా, అశ్వశాలలో డాన్ పాచ్ జబ్బుపడెను. జూలై 11న గుఱ్ఱము మరణించెను. మరునాడు, 57వ యేట, సావేజ్ గుండె ఆగి మరణించెను. శోకమే కారణమని ఆ ఊరివారు నమ్మిరి. వైద్యులు ఏమనినను ఆ నమ్మకము పోలేదు. ఆ సంవత్సరమే రైలు సంస్థ ఋణదాతల పక్షమున న్యాయస్థానము నియమించిన వారి చేతిలోనికి పోయెను. 1918లో వేరు పేరుతో మరియొకరి పాలైనను ఆ మార్గమున బండ్లు నడచినవి. వాటాదారుల కాగితములు పెట్టెలలోనే ఉండిపోయినవి. పల్లె పెరిగి పట్టణమై సావేజ్ అను పేరుతోనే ఉన్నది, ఏటేట డాన్ పాచ్ పేర ఉత్సవము జరుపుచున్నది. ఆ గుఱ్ఱమును నది ఒడ్డున గుర్తులేకుండ పూడ్చిరి. ఆ చోటు ఎచ్చటనో ఊరివారికిని తెలియదు.