క్రిస్టియన్ డాప్లర్

మూత్రపిండాలు చెడిన రోగికి డయాలసిస్ చేయాలంటే ముందుగా చేతిలోని ధమనిని, సిరను కలిపి ఫిస్టులా ఏర్పరుస్తారు. అందుకు రక్తనాళాలు అనువుగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి జరిపే పరీక్షకు డాప్లర్ పరీక్ష అని పేరు. ఆ పేరు గల శాస్త్రవేత్త వైద్యుడు కాడు. ఆయన పరిశోధించినది నక్షత్రాలను గురించి.

క్రిస్టియన్ డాప్లర్ 1803 నవంబరు 29న నేటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో జన్మించాడు. వారిది తరతరాలుగా రాతిపని చేసే కుటుంబం. దుర్బల శరీరుడైన డాప్లర్ ఆ వృత్తికి తగడని పెద్దలు చదివించారు. వియన్నాలో విద్య ముగిసినా తగిన ఉద్యోగం లభించలేదు. కొంతకాలం నూలుమిల్లులో లెక్కలు రాశాడు. చివరకు ఉన్న వస్తువులు అమ్ముకొని అమెరికా వెళ్ళడానికి సిద్ధపడ్డాడు. ఆ సమయంలోనే, 1835లో, ప్రాగ్‌లో అధ్యాపక పదవి దొరికింది.

1842 మే 25న ప్రాగ్ విద్వత్సభలో డాప్లర్ జంట నక్షత్రాల రంగులపై పత్రం సమర్పించాడు. తరంగాలను వెలువరించే వస్తువు సమీపిస్తుంటే వాటి పౌనఃపున్యం హెచ్చినట్లు, దూరమవుతుంటే తగ్గినట్లు తోస్తుందని ప్రతిపాదించాడు. దగ్గరకు వచ్చే రైలు కూత కీచుగా, దాటిపోయాక బొంగురుగా వినిపించడం ఇందుకు ఉదాహరణ.

1845లో హాలెండ్ శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ రైలుబండిపై వాద్యకారులను నిలిపి ఈ సూత్రాన్ని పరీక్షించాడు. ధ్వని విషయంలో అది నిజమని తేలింది. నక్షత్రాల రంగులకు ఇదే కారణమన్న డాప్లర్ ఊహ మాత్రం తరువాత నిలువలేదు.

1850లో ఆయన వియన్నా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర సంస్థకు తొలి అధిపతి అయ్యాడు. ఆ గౌరవం ఎంతోకాలం నెమ్మదినివ్వలేదు. 1852లో గణితవేత్త పెట్జ్‌వాల్ ఆ సూత్రాన్నే తీవ్రంగా ఖండించాడు. అప్పటికే ఊపిరితిత్తుల వ్యాధితో కృశించిన డాప్లర్ వాతావరణ మార్పు కోసం వెనిస్ చేరి, 1853 మార్చి 17న, తన 49వ యేట అక్కడే కన్నుమూశాడు.

సుమారు నూరేళ్ళ తరువాత, 1950వ దశకంలో, జపాన్ శాస్త్రజ్ఞుడు సతోమురా ఈ సూత్రాన్ని అతిధ్వనులకు అన్వయించి శరీరంలోని కదలికలను పరిశీలించాడు. చర్మంపై ఉంచిన పరికరం నుండి వెలువడే అతిధ్వనులు కదిలే రక్తకణాలను తాకి తిరిగివస్తాయి. వాటి పౌనఃపున్యంలోని మార్పును బట్టి రక్తవేగం తెలుస్తుంది. ధమని ఇరుకైన చోట ఆ వేగం పెరుగుతుంది. ఫిస్టులాలో ప్రవాహం చాలినంత ఉన్నదీ లేనిదీ కూడా, సూది గుచ్చకుండానే, తెలుస్తుంది.

పరిశీలనకు నిలిచిన సత్యం కాలాంతరంలోనైనా లోకోపకారం చేస్తుందనడానికి డాప్లర్ జీవితం నిదర్శనం.