కడలినీదిన వంగవనిత ఆరతీ సాహా

ప్రసిద్ధుల జీవితగాథలు చదివేటపుడు మన దృష్టి సామాన్యంగా వారి విజయాలమీదనే నిలుస్తుంది. పతకాలు, బిరుదులు, పుష్పహారాలు మనకు కనిపిస్తాయి. వాటికి ముందు ఎదురైన పరాజయమూ, ఆ పరాజయం తరువాత గడిచిన దినాలూ కనిపించవు. ఆసియా ఖండపు స్త్రీలలో మొట్టమొదట ఇంగ్లీషు ఛానల్‌ను ఈదిన ఆరతీ సాహా జీవితంలో మేము ముఖ్యంగా చూడదలచినది ఆ దినాలనే.

ఆరతి 1940 సెప్టెంబరు 24న కలకత్తా నగరంలో ఒక మధ్యతరగతి వంగ కుటుంబంలో జన్మించింది. తండ్రి పాంచుగోపాల్ సాహా సైనిక శాఖలో ఉద్యోగి. రెండున్నర ఏండ్ల ప్రాయంలోనే తల్లిని కోల్పోయిన ఆ బిడ్డ ఉత్తర కలకత్తాలో అవ్వ సంరక్షణలో పెరిగింది. నాలుగేండ్ల వయసులో ఇంటి పెద్దల వెంట చాంపాతలా ఘాట్‌కు స్నానానికి వెళ్లేది. అక్కడే ఆమెకు ఈత పట్టుబడింది. కుమార్తె ఉత్సాహాన్ని గమనించిన తండ్రి ఆమెను హట్‌ఖోలా ఈత సంఘంలో చేర్పించాడు. 1946లో, ఇంకా ఆరేండ్లు నిండకముందే, 110 గజాల పోటీలో ఆమె స్వర్ణపతకం గెలుచుకొన్నది.

అటుపై ఆమె ప్రతిభ దినదినాభివృద్ధి చెందింది. 1948లో బొంబాయిలో జరిగిన జాతీయ పోటీలలో రెండు రజతాలు, ఒక కాంస్యం సంపాదించింది. 1951లో 100 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్ పోటీని 1 నిమిషం 37.6 సెకన్లలో ముగించి, డాలీ నజీర్ పేరిట ఉన్న అఖిల భారత రికార్డును అధిగమించింది. మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత బృందంలో ఉన్న నలుగురు స్త్రీలలో ఆరతి ఒకతె. అప్పటికామెకు పన్నెండేండ్లు కూడా నిండలేదు. 200 మీటర్ల పోటీలో 3 నిమిషాల 40.8 సెకన్లలో గమ్యం చేరింది గాని పతకమేదీ రాలేదు. స్వదేశానికి తిరిగివచ్చిన పిదప 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో తన చెల్లెలు భారతి చేతిలోనే ఓడిపోయింది. ఓటమి రుచి ఆమెకు బాల్యంలోనే తెలిసినదని చెప్పవచ్చు.

1958లో తూర్పు పాకిస్తాన్‌కు చెందిన బ్రజేన్ దాస్ ఇంగ్లీషు ఛానల్‌ను ఈదాడు. ఆరతి ఆయనకు అభినందన పంపింది. ఆయన ఈ పని ఆమెకు కూడా సాధ్యమేనని ప్రత్యుత్తరమిచ్చి ఊరుకోక, మరుసటి ఏటి పోటీకి ఆమె పేరును నిర్వాహకులకు తానే సూచించాడు. దేశాలు వేరైనా ప్రతిభను గుర్తించే హృదయానికి సరిహద్దు లేదనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

అయితే మధ్యతరగతి ఇంటి ఆడపిల్లకు ఇంగ్లండు ప్రయాణ వ్యయం సామాన్యమైనది కాదు. హట్‌ఖోలా సంఘానికి చెందిన డాక్టర్ అరుణ్ గుప్తా ఆ భారాన్ని తలకెత్తుకొని చందాలకోసం తిరిగారు. ఆ సొమ్ము చాలకపోగా, నాటి ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ 11,000 రూపాయలు ఇప్పించారు. 1959 ఏప్రిల్ 13న దేశబంధు పార్కులోని చెరువులో వేలాది ప్రజల సమక్షంలో ఆరతి ఎనిమిది గంటలపాటు ఆగకుండా ఈదింది. అనంతరం పదహారు గంటల ఈత కూడా పూర్తి చేసింది. జూలై 24న ఇంగ్లండుకు బయలుదేరింది.

ఛానల్ అత్యంత ఇరుకైనచోట వెడల్పు సుమారు 21 మైళ్లే. కాని అక్కడి ఆటుపోట్లు ఈతగాని తిన్నగా పోనీయక, కొన్ని గంటలు ఒక దిక్కుకు, మరికొన్ని గంటలు దాని కెదురుదిక్కుకు ఈడ్చుకొని పోతాయి. చన్నీటి బాధ వేరే ఉన్నది. వెంట పడవ వస్తుంది గాని, అలసట తీర్చుకొనడానికైనా దానిని తాకరాదు. కనుక బయలుదేరే వేళను ఆటుపోట్ల ననుసరించి నిర్ణయిస్తారు. ఆ వేళ తప్పితే లెక్కంతా తప్పుతుంది.

1959 ఆగస్టు 27 రాత్రి ఒంటిగంటకు ఫ్రాన్సు దేశపు గ్రీ నే అగ్రం నుండి పోటీ ఆరంభం కావలసి ఉన్నది. 23 దేశాలనుండి 58 మంది వచ్చారు. వారిలో స్త్రీలు ఐదుగురు మాత్రమే. ఆరతికి దారి చూపవలసిన పడవ వేళకు రాలేదు. నలభై నిమిషాలు ఆలస్యంగా ఆమె నీటిలో దిగింది. ఉదయం 11 గంటలకు ఇంగ్లండు తీరం ఇంకా 5 మైళ్లే ఉన్నది. సరిగా అక్కడే ప్రవాహం ఎదురుతిరిగింది. సాయంకాలం 4 గంటలవరకు శక్తినంతా ధారపోసినా ఆమె ముందుకు సాగినది 2 మైళ్లు మాత్రమే. తీరం సమీపంలో ఉండగానే ప్రయత్నం విరమించవలసి వచ్చింది.

తప్పు ఆమెది కాదు. ఆ ఆలస్యాన్ని చెప్పుకొని ఆమె సగౌరవంగా ఇంటికి రావచ్చును. ఎవ్వరూ నిందించి ఉండరు. కాని ఆమె తిరిగి రాలేదు. పరదేశంలో, మేనేజరుగా వచ్చిన డాక్టర్ గుప్తా అస్వస్థులైన స్థితిలో సైతం, ఆమె సాధన మానలేదు. అట్లు ముప్పదిమూడు దినాలు గడిచాయి. సెప్టెంబరు 29న, పందొమ్మిదేండ్లు నిండిన ఐదవ నాడు, మళ్లీ అదే గ్రీ నే అగ్రంవద్ద నీటిలో దిగింది. 16 గంటల 20 నిమిషాలలో, ప్రవాహాల వంపులతో కలిపి 42 మైళ్లు ఈది, శాండ్‌గేట్ తీరంలో అడుగుపెట్టి భారత పతాకాన్ని ఎగురవేసింది. బ్రిటనులో మన హైకమిషనర్ విజయలక్ష్మీ పండిట్ ఆమెను అభినందించారు. మరునాడు ఆకాశవాణి ఆ వార్తను దేశమంతటికీ వినిపించింది.

1960లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ పురస్కారమిచ్చింది. క్రీడాకారిణులలో దానిని తొలుత పొందినది ఆమెయే. డాక్టర్ అరుణ్ గుప్తాను వివాహమాడి, రైల్వేలో ఉద్యోగం చేస్తూ, ఒక కుమార్తెకు తల్లియై, ఆమె ఆడంబరం లేని జీవితం గడిపింది. కామెర్లు, మెదడువాపు సోకి 1994 ఆగస్టు 23న ఏబదిమూడేండ్ల వయసులో పరమపదించింది. 1999లో తపాలా శాఖ ఆమె స్మృత్యర్థం తపాలాబిళ్ల విడుదల చేసింది.

విద్యార్థినీ విద్యార్థులారా! పరీక్షలోగాని, ఆటలోగాని, ఒక్కొక్కప్పుడు పడవ మనకు ఆలస్యంగానే వస్తుంది. ఆ ఆలస్యం మన చేతిలో లేదు. తరువాతి ముప్పదిమూడు దినాలు మాత్రం మన చేతిలోనే ఉన్నవి. పెద్దలకు కూడా మా మనవి ఒకటున్నది. ఆ తల్లిలేని బిడ్డకు తండ్రి ఈత సంఘం తలుపు చూపకపోయినా, చందాల కొరకు నలుగురు ఇల్లిల్లూ తిరగకపోయినా, ఆమె ఈత చాంపాతలా ఘాట్‌లోనే ముగిసిపోయి ఉండేది. మన విద్యార్థినులలో ఎందరు ఆరతులున్నారో, వారికొక మైదానం, ఒక శిక్షకుడు, ఒక ప్రోత్సాహవాక్యం లభించిననాడు గాని తెలియదు.