రాంట్‌జన్ మహాశయుడు

రామతీర్థపు కొండలమీది జైన విగ్రహములను చూచి శిల్పుల నేర్పును మెచ్చనివారుండరు. ఆ ఉలిదెబ్బకు లేచిన రాతిధూళి ఎవరి ఊపిరిలోనికి పోయినదో మాత్రము మనము తలపము. ఈ విజయనగర ప్రాంతముననే 1892లో మాంగనీసు గనుల త్రవ్వకము మొదలైనది. గని పనివాడు దగ్గి దగ్గి చిక్కిపోయినచో క్షయ యనుకొనుటయే కాని, బ్రదికియున్నవాని ఊపిరితిత్తులను చూచు సాధనము నాటికి లోకమున ఎచ్చటను లేదు. మూడేండ్లకు దానిని సమకూర్చినవాడు విల్‌హెల్మ్ కోన్రాడ్ రాంట్‌జన్.

ఆయన 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్ పట్టణమున, బట్టల వర్తకుని యింట జన్మించెను. బాల్యము హాలెండులో గడచెను. యుట్రెక్టు పాఠశాలలో ఎవరో ఒక ఉపాధ్యాయుని వికృతచిత్రమును గీసిరి. గీసినవాని పేరు చెప్పుటకు రాంట్‌జన్ ఒప్పుకొనలేదు, బడినుండి వెడలగొట్టిరి. చేత యోగ్యతాపత్రము లేదు. ప్రవేశపరీక్ష వ్రాసి జూరిచ్ పాలిటెక్నిక్‌లో చేరి, యంత్రశాస్త్రము చదివి, 1869లో డాక్టరు పట్టము నందెను. పిమ్మటను ఆ లేని పత్రమే అడ్డు వచ్చి, వుర్ట్స్‌బర్గు విశ్వవిద్యాలయము ఆయనకు బోధనాధికారము నీయలేదు. 1888లో ఆ విశ్వవిద్యాలయమే ఆచార్యపీఠమిచ్చి పిలుచుకొనెను. బడిపంతుళ్లమైన మనము ఈ ముచ్చటను ఒకింత నెమరువేయదగును.

1895 నవంబరు 8 సాయంకాలమున, నల్లని అట్టతో కప్పిన విద్యుత్ గొట్టమునుండి ఏదో వెలువడి, దూరముననున్న మందు పూసిన తెరను వెలిగించెను. కొన్ని వారములు ఒంటరిగా పరీక్షించి, డిసెంబరు 22న భార్య బెర్తా చేతిని ఆ కిరణములతో పటము తీసెను. ఎముకలును, ఉంగరమును కానవచ్చెను. బీజగణితమున తెలియని రాశికి పెట్టు ఎక్స్ అను పేరే వానికి పెట్టెను. పేటెంటు తీసికొనలేదు. 1901లో భౌతికశాస్త్రమున మొట్టమొదటి నోబెలు బహుమానమందుకొని, ఆ ధనమును విశ్వవిద్యాలయమునకిచ్చెను. యుద్ధానంతరమున ధరలు మిన్నంటి కూడబెట్టినది కరగిపోగా, 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో కన్నుమూసెను.

పటము తీయుట యొకటి, చదువుట యొకటి. సిలికా ధూళి ఊపిరితిత్తులలో గట్టిపడి చేయు చిన్న మచ్చలను ఒక వైద్యుడు చూచును. వేరొకడు అదే పటమున ఏమియు లేదనును. 1930లో, బంగారు గనుల నగరమైన జొహానెస్‌బర్గులో పలుదేశముల వైద్యులు కూడి ఈ చిక్కును చర్చించిరి. అటుపిమ్మట అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆ వర్గీకరణమును పలుమారులు దిద్దినది. పటమును ప్రమాణ పటముల ప్రక్కనుంచి పోల్చవలెను. గుండ్రని చిన్న మచ్చలు ఒకటిన్నర మిల్లీమీటరు వరకు పి, మూడు వరకు క్యు, పది వరకు ఆర్. మచ్చల దట్టము సున్న మొదలు మూడు వరకు నాలుగు తరగతులు. వానిలో మరల పండ్రెండు మెట్లు.

ఇందు నాకు మిక్కిలి నచ్చినది అంకెల జంట. 1/0 అనగా వైద్యుడు ఒకటని నిశ్చయించెను, సున్నయేమో యని గట్టిగా తలపోసెను. 0/1 దానికి తలక్రిందు. సందేహమును దాచక కాగితముమీద పెట్టు లెక్క యిది. ఆ రెండు మెట్ల నడుమ ఒక్కొక్కప్పుడు ఒక కుటుంబపు కూడు నిలిచియుండును.

అయినను పటము మచ్చను చూపునే కాని, ఏ ధూళివలన కలిగినదో చెప్పదు. ఏ గనిలో, ఏ క్వారీలో, ఎన్నేండ్లు పని చేసితివని మనిషినే అడుగవలెను. పని మానిన కొన్నేండ్లకును సిలికోసిస్ బయటపడవచ్చును గనుక, ఆ ప్రశ్న ఇంట కూర్చున్న ముసలివానిని కూడ అడుగవలసినదే.